"ఏ బ్రీడ్ అన్నా?"

కర్నూలులో కుక్కను పట్టుకుని కేసీ కెనాల్ గట్టు మీదికి పోతే, ఎదురైనవాళ్ళు ముందు అడిగేది "ఏ బ్రీడ్ అన్నా?" అనే. వీధికుక్కే అని చెప్తే "ఓహో" అని తప్పుకుంటారు. అజిలిటీ అనే ఆటలో మాత్రం ఈ ప్రశ్నతో పనిలేదు. అడ్డకర్రల మీదుగా దూకడం, గొట్టంలో దూరి బయటికి రావడం, వరసగా నిలబెట్టిన 12 కడ్డీల మధ్య మెలికలు తిరుగుతూ పోవడం, ఇదంతా తప్పుల్లేకుండా ఎంత తొందరగా చేసిందన్నదే లెక్క. 1978లో ఇంగ్లండ్‌లోని క్రఫ్ట్స్ డాగ్ షోలో, మధ్యలో దొరికిన ఖాళీ టైంలో జనానికి బోర్ కొట్టకుండా, గుర్రాల జంపింగ్ పోటీలను చూసి తయారుచేసిన ఆట ఇది.

అలాంటి ఆటలోకి కూడా సంకరజాతి కుక్కలను అమెరికన్ కెన్నెల్ క్లబ్ (అక్కడ కుక్కల జాతులను నమోదు చేసే సంస్థ) రానిచ్చింది 2010లోనే, అదీ పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించి ఉంటేనే. న్యూయార్క్ వెస్ట్‌మిన్‌స్టర్ డాగ్ షో అయితే 2014 దాకా ఆగింది. పదేళ్ళకు, 2024లో, అక్కడ అజిలిటీలో అన్ని సైజుల కుక్కలనూ దాటి 28.76 సెకన్లతో గెలిచింది నింబుల్ అనే సంకరజాతి కుక్క.

అయితే నింబుల్‌ను చూపించి మన వీధికుక్క కూడా అంతే అనడం కుదరదు. అది బోర్డర్ కోలీ, పాపియాన్ అనే రెండు జాతుల కలయిక, అజిలిటీ ఆడేవాళ్ళు ఏరికోరి వెతుక్కునే రకం. మన వీధికుక్కల్లో చాలావాటి మూలం వేరే, మనిషి జాతులను విడదీయకముందు నుంచీ ఊళ్ళను నమ్ముకుని తమంతట తాము పెరిగిన పాత రకం. తేలికైన ఒళ్ళు, పొట్టి బొచ్చు, పొడవాటి కాళ్ళు, పరుగుకు ఇంకేం కావాలి?

గుణం మాటేమిటంటారా? 2022లో వచ్చిన ఓ పెద్ద అధ్యయనంలో 18 వేలకు పైగా కుక్కల యజమానులను ప్రశ్నలడిగి, రెండు వేలకు పైగా కుక్కల జన్యువులను చదివారు. ఒక కుక్కకూ ఇంకో కుక్కకూ ప్రవర్తనలో కనిపించే తేడాలో జాతి వల్ల వచ్చేది దాదాపు 9 శాతమే. చెప్పిన మాట వినడంలో మాత్రం జాతి ప్రభావం కాస్త ఎక్కువ, బోర్డర్ కోలీలు గెలిచేది ఊరికే కాదు.

వీధికుక్కకు అసలు చిక్కు ఈ ఆటలోని ఇంకో అడ్డంకి, పార్కుల్లో పిల్లలు ఆడే సీ-సా లాంటి తూగుడు బల్ల దగ్గర వస్తుంది. కాలి కింద పలక ఒక్కసారిగా ఒరిగి, 'టప్' మని నేలకు కొట్టుకుంటుంది. మూడు వారాల నుంచి మూడు నెలల లోపు వయసులో పిల్ల ఏమేం చూసి, విని అలవాటు పడిందో వాటికి తర్వాత పెద్దగా బెదరదు, ఆ వయసు దాటాక తెచ్చుకున్న కుక్కకు కొత్త చప్పుడు ఏదైనా టెన్షనే. అందుకే ఒక ఇటుక మీద పలక పెట్టి, అది అంగుళం కదిలినా బెదరకుండా నిలబడితే ఉడికిన గుడ్డు ముక్క పెడుతూ మొదలుపెట్టాలి. పలక చివర పసుపు రంగు పూసిన భాగం ఉంటుంది, కుక్క కంటికి బాగా తెలిసే రంగుల్లో పసుపు ఒకటి. దిగేటప్పుడు ఆ పసుపును తొక్కకుండా పైనుంచే దూకేస్తే తప్పు కింద లెక్క, భుజాలకూ దెబ్బ. వెనక కాళ్ళు పలక మీద, ముందరి కాళ్ళు నేల మీద పెట్టి ఆగడం నేర్పితే ఆ అలవాటు పోతుంది.

ఇదంతా పొద్దున ఏడు లోపే. కుక్కకు మనలా ఒళ్ళంతా చెమట పట్టదు, నాలుక చాపి రొప్పడమే దాని కూలర్, మన మే నెల ఎండకు అది చాలదు.