బ్యాక్టీరియా తోకకు మోటారు ఎవరు బిగించారు?

ప్రియమైన పిల్లలకు,

బ్యాక్టీరియా తోక బొమ్మ చూపించి, "ఇంత చక్కటి యంత్రం దానంతటదే ఎలా వస్తుంది తాతయ్యా?" అని అడిగారు. మీ ప్రశ్న చిన్నదేమీ కాదు. దీని మీద పెద్దవాళ్లు కోర్టుకి కూడా వెళ్లారు. ఆ బొమ్మ చూసి మీరు ఆశ్చర్యపోకపోతేనే నాకు బెంగగా ఉండేది. అందుకే ముందు ఆ ఆశ్చర్యాన్ని ఇంకాస్త పెంచుతాను. వాదన తర్వాత చూద్దాం.

ఈ.కోలై అనే బ్యాక్టీరియా పొడవు మిల్లీమీటరులో ఐదొందలో వంతు. దాని ఒంటి మీద నాలుగైదు తోకలుంటాయి. మీ పుస్తకాల్లో వీటినే కశాభాలంటారు. ఒక్కోటీ దాని ఒంటికంటే పొడవే కానీ మందం మాత్రం 20 నానోమీటర్లే (మిల్లీమీటరును పది లక్షల ముక్కలు చేస్తే ఒక ముక్క నానోమీటరు). చాలాకాలం పాటు ఇవి కొరడాలా ఊగుతాయనే అనుకున్నారు. కాదు, గుండ్రంగా తిరుగుతాయని 1973లో హోవర్డ్ బెర్గ్, రాబర్ట్ ఆండర్సన్ వాదించారు. మరుసటి ఏడాది మైకేల్ సిల్వర్‌మన్, మెల్విన్ సైమన్ ఆ సంగతి కళ్లకు కట్టారు. ఎలాగో చూడండి: తోకను గాజు పలకకు అతుక్కునేలా చేశారు. ఇక తోక తిరగలేదు కదా! దాని బదులు బ్యాక్టీరియా ఒళ్లంతా గిర్రున తిరగడం మొదలుపెట్టింది. కాసేపు ఇటు, కాసేపు అటు. నాకు తెలిసిన ప్రయోగాల్లో ఇంత ముచ్చటైనవి తక్కువ.

తోక మొదట్లో, బ్యాక్టీరియా పొరల్లో కూరుకుని కొన్ని వలయాలుంటాయి. వాటి మధ్య నుంచి ఒక ఇరుసు బయటికి వస్తుంది. దాని చివర వంగే కొక్కెం, కొక్కేనికి తోక. పొర బయట పోగైన ప్రోటాన్లు లోపలికి చొరబడుతూ ఈ మోటారును తిప్పుతాయి, సెకనుకు వంద చుట్లకు పైగానే. సముద్రంలో ఉండే కొన్ని రకాలు ప్రోటాన్లకు బదులు సోడియం అయాన్లు వాడుకుని సెకనుకు 1,700 చుట్ల దాకా పోతాయి. మోటార్లు ఒకవైపు తిరిగితే తోకలన్నీ జడలా పెనవేసుకుని బ్యాక్టీరియా సూటిగా ఈదుతుంది. తిరగబడితే జడ విడిపోయి, బ్యాక్టీరియా తబ్బిబ్బై పల్టీలు కొట్టి ఇంకో దిక్కు పడుతుంది. తోక పెరిగే తీరు మరీ వింత. లోపల తయారైన ప్రోటీన్ మడతలు విప్పుకుని, తోక మధ్యలో ఉన్న 2 నానోమీటర్ల సన్నటి గొట్టం గుండా చివరిదాకా వెళ్లి అక్కడ అతుక్కుంటుంది. అంటే తోక చివరినుంచి పెరుగుతుంది. అలాంటి ముక్కలు వేలకు వేలు చేరాలి.

ఇక గొడవ సంగతి. అమెరికాలో లీహై విశ్వవిద్యాలయంలో జీవరసాయన శాస్త్రం చెప్పే మైకేల్ బీహీ 1996లో ఒక వాదన తెచ్చాడు. ఎలుకబోనులో ఏ ఒక్క భాగం తీసేసినా ఎలుక పడదు. ఈ మోటారూ అంతే, ఏ భాగం లేకపోయినా తిరగదు. జీవులు చిన్న చిన్న మార్పులతో మారుతూ వచ్చాయనే డార్విన్ పరిణామ సిద్ధాంతంలో ప్రకృతి వరణం ప్రతి మెట్టులోనూ పనికొచ్చేదాన్నే నిలబెడుతుంది. సగం మోటారు దేనికీ పనికిరాదు. కాబట్టి ఇది మెట్టు మెట్టుగా వచ్చింది కాదు, ఏదో తెలివి దీన్ని రూపొందించింది అన్నాడు. దీన్నే ఇంటెలిజెంట్ డిజైన్ అంటున్నారు. వాదన వెర్రిది కాదు. చిన్న చిన్న మార్పులతో ఏర్పడే వీలు బొత్తిగా లేని అవయవం ఒక్కటి చూపినా తన సిద్ధాంతం కూలిపోతుందని 1859లో డార్వినే రాసుకున్నాడు. పైగా మనిషికీ కోతికీ పూర్వీకులు ఒక్కరేనన్న మాటతో బీహీకి పేచీ లేదు. ఇది చాలామందికి తెలియదు.

మెలిక ఎక్కడుందంటే, "ఇవాళ తీస్తే పనిచెయ్యదు" అన్నదానికీ "మొదటినుంచీ అది లేకుండా కుదిరేది కాదు" అన్నదానికీ చాలా దూరం ఉంది. మొదట ఉంటే మంచిదన్నట్టుగా చేరిన భాగం, తర్వాత మిగతావన్నీ దానికి తగ్గట్టు మారిపోయేసరికి, లేకపోతే గడవని భాగం అవుతుంది. హెర్మన్ మల్లర్ అనే జన్యుశాస్త్రవేత్త 1918లోనే ఈ మాట చెప్పాడు, బోను వాదన పుట్టడానికి ముప్పావు శతాబ్దం ముందు. ఇక ఎలుకబోను సంగతంటారా, బ్రౌన్ విశ్వవిద్యాలయం జీవశాస్త్రవేత్త కెన్నెత్ మిల్లర్ అందులోంచి రెండు భాగాలు పీకేసి, మిగిలినదాన్ని టై క్లిప్పుగా పెట్టుకున్నాడు. ఎలుక పడదు, టై మాత్రం ఎగరదు.

హాస్యం పక్కనపెట్టి అసలు ప్రోటీన్లే చూద్దాం. ప్లేగు బ్యాక్టీరియాకూ సాల్మొనెల్లాకూ ఒక సూది ఉంటుంది. దాంతో మన కణాల్లోకి విషపు ప్రోటీన్లను ఎక్కిస్తాయి. ఆ సూది అడుగున ఉన్న ప్రోటీన్లలో సుమారు పది, తోక మోటారు అడుగున ఉన్నవాటికి చుట్టాలే. రెండుచోట్లా వాటి పని ఒకటే, ప్రోటీన్లను బయటికి నెట్టడం. దీన్ని పట్టుకుని మన పక్షం వాళ్లు, అంటే పరిణామాన్ని సమర్థించేవాళ్లు, కొందరు తొందరపడ్డారు. "అదిగో, ముందు సూది వచ్చింది, అదే తోకగా మారింది" అనేశారు. జన్యువుల వంశవృక్షం గీసి చూస్తే, 2012 నాటికి కథ అడ్డం తిరిగింది. తోక నుంచే కొన్ని భాగాలు పోయి సూది వచ్చిందని తేలింది. సూది తాత కాదు, మనవడు! గెలవడానికి పనికొస్తుంది కదా అని పాత మాటే చెప్పుకుంటూ పోవడం నాకు నచ్చదు. అయినా బీహీ కష్టం తీరలేదు. మోటారులో సగానికి పైగా లేకపోయినా మిగిలింది నిక్షేపంగా ఇంకో పని చేస్తోంది కదా. పేనుబంక పురుగు ఒంట్లో కాపురముండే బుక్నెరా అనే బ్యాక్టీరియాకు ఈతే అక్కర్లేదు. తోక పోయింది. అడుగు భాగాలు మాత్రం ఒంటి నిండా ఉన్నాయి. ప్రోటీన్లు బయటికి పంపడానికే ఉంచుకుందని అనుకుంటున్నారు.

చుట్టాలు ఇంకా ఉన్నారు. మోటారును తిప్పే ప్రోటీన్లను పోలినవే పొరలో వేరే రవాణా పనుల్లో కనిపిస్తాయి. ఇరుసు, కొక్కెం ప్రోటీన్లు ఒకదానికొకటి అక్కచెల్లెళ్లు. ఒక జన్యువు నకలై, నకలు కాస్త మారి, కొత్త పనిలో కుదురుకున్న జాడ అది.

అసలు "ఆ తోక" అంటూ ఒకటి లేదు. బాసిల్లస్ జాతికి బయటి పొర లేదు కాబట్టి బయటి రెండు వలయాలూ లేవు, మోటారు బాగానే తిరుగుతుంది. స్పైరోకీట్లు అనే మెలికల బ్యాక్టీరియా తోకను రెండు పొరల మధ్య లోపలే దాచుకుని మరమేకులా మెలికలు తిరుగుతూ పోతాయి. ఆర్కియాలని బ్యాక్టీరియా కాని వేరే ఏకకణ జీవులున్నాయి. వాటిదీ తిరిగే తోకే, కానీ దాని భాగాలు పూర్తిగా వేరు, నడిచేది కణాలకు శక్తినిచ్చే ఏటీపీ అనే అణువుతో.

2015లో బ్రిటన్‌లో ఒక ప్రయోగం జరిగింది. సూడోమోనాస్ అనే బ్యాక్టీరియాలో తోక తయారీని మొదలుపెట్టించే జన్యువును తీసేశారు. తోక లేదు, కదలిక లేదు. చుట్టూ ఉన్న తిండి తినేశాక ఆకలితో మాడాలి. నాలుగు రోజుల్లో, 96 గంటల్లోపే, మళ్లీ ఈదాయి! నైట్రోజన్ వ్యవహారం చూసే ఇంకో జన్యువు రెండు ఉత్పరివర్తనలతో, అంటే జన్యువుల్లో వచ్చిన మార్పులతో, ఆ పని అందుకుంది. దీన్నిబట్టి మోటారే నాలుగు రోజుల్లో పుడుతుందని మాత్రం అనుకోకండి. భాగాలన్నీ ముందే ఉన్నాయి, మీట ఒక్కటే కొత్తది. తోక మొదటిసారి ఎలా ఏర్పడింది, ఏ భాగం తర్వాత ఏది చేరింది అన్న వరస ఇంకా పూర్తిగా తేలలేదు. ఆ ఖాళీలోకి రూపకర్తను తెచ్చి కూర్చోబెడితే, ఎప్పుడు చేశాడు, ఎలా చేశాడు, ఇన్ని రకాలెందుకు చేశాడు అని అడగడానికి దారి మూసుకుపోతుంది. నా అభ్యంతరం అదే.

కోర్టు సంగతి క్లుప్తంగా చెబుతాను. పెన్సిల్వేనియాలో డోవర్ అనే చోట బడి పాలకవర్గం, ఇంటెలిజెంట్ డిజైన్ కూడా ఉందని తొమ్మిదో తరగతి పిల్లలకు చదివి వినిపించాలని 2004లో తీర్మానించింది. "మేం చదవం" అని సైన్సు టీచర్లు నిరాకరించారు. 11 మంది తల్లిదండ్రులు దావా వేశారు. విచారణలో మన మోటారు పేరు పదేపదే వినబడింది. ఇది సైన్సు కాదు, మతబోధే, ప్రభుత్వ బడిలో చెప్పకూడదని జడ్జి జాన్ జోన్స్ 2005 డిసెంబర్ 20న తీర్పిచ్చాడు.

మీలో ఒకరు చివర్లో గొంతు తగ్గించి అడిగారు, "అంటే దేవుడు లేడనా?" అని. ఆ కోర్టు అలా అనలేదు. పరిణామ సిద్ధాంతం దేవుణ్ణి కాదనదని తీర్పులోనే రాశారు. పరిణామం తరఫున సాక్ష్యం చెప్పిన మిల్లర్ రోమన్ కేథలిక్కు. అటువైపు సాక్ష్యం చెప్పిన బీహీ కూడా రోమన్ కేథలిక్కే.

ఇట్లు,
మీ తాతయ్య