జింకలు ఈనే నేల: ఆర్కిటిక్ విలేజ్ పోరాటానికి మూలం

అమెరికాలోని అలాస్కా ఈశాన్య మూలన, బ్రూక్స్ పర్వతాలకు దక్షిణాన, చాండలార్ నది తూర్పు పాయ ఒడ్డున ఆర్కిటిక్ విలేజ్ ఉంది. జనాభా 150 దాకా ఉంటుంది. రోడ్డు లేదు. పిండి, పంచదార దగ్గర్నుంచి అన్నీ చిన్న విమానాల్లోనే దిగాలి. అలా వచ్చే సరుకు ధర ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. అందుకే ఊరి తిండి ఇప్పటికీ ప్రధానంగా కారిబూ జింక మాంసమే.

ఊరివాళ్లు అథబాస్కన్ అనే ఆదివాసీ జాతుల్లో ఒకరైన గ్విచిన్ ప్రజలు. అలాస్కాలోనూ కెనడాలోనూ కలిపి సుమారు 9,000 మంది. వీళ్లు నమ్ముకున్నది పోర్క్యుపైన్ అనే కారిబూ మందను. ఆ పేరు ఒక నదిది. 2017 లెక్కల్లో మందలో 2,18,000 జింకలు తేలాయి. చూలు జింకలు ఏటా పర్వతాల అవతలికి, సముద్రతీర మైదానానికి చేరి మే చివర్లో, జూన్ మొదట్లో ఈనుతాయి. అక్కడ తోడేళ్లు, ఎలుగులు తక్కువ, లేత గడ్డి ఎక్కువ, కడలిగాలికి దోమలు నిలవవు. గ్విచిన్‌లు దాన్ని ‘జీవం మొదలయ్యే పవిత్ర స్థలం’ అంటారు. కరువు రోజుల్లో కూడా తమ పెద్దలు అక్కడ అడుగుపెట్టలేదని చెప్పుకుంటారు.

చిక్కంతా ఆ మైదానం కింద చమురు ఉందన్న అంచనాతో వచ్చింది.

దీన్ని పర్యావరణానికీ చమురుకీ మధ్య తగవుగా రాయడం మామూలైపోయింది. నా దృష్టిలో అసలు ముడి భూమి హక్కులో ఉంది. 1968లో అలాస్కా ఉత్తర తీరంలోని ప్రూడో బేలో చమురు పడగానే అలాస్కా ఆదివాసుల భూమి లెక్క తేల్చాల్సి వచ్చింది. 1971 చట్టం వాళ్లకు 4.4 కోట్ల ఎకరాలు, 96.25 కోట్ల డాలర్లు ఇచ్చి, మిగతా నేలపై హక్కులు రద్దు చేసింది. ఆర్కిటిక్ విలేజ్, పొరుగూరు వెనెటీ ఆ డబ్బు మాకొద్దన్నాయి. 1943 నుంచి తమ రిజర్వుగా ఉన్న 18 లక్షల ఎకరాలనే పట్టాగా తీసుకున్నాయి. డబ్బు కాదని నేలను పట్టుకున్న ఆ తెగువ తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

అయితే జింకలు ఈనే చోటు ఆ పట్టాలో లేదు. 1960లో ఏర్పడిన అభయారణ్యంలో అది భాగం. 1980లో అభయారణ్యాన్ని 1.9 కోట్ల ఎకరాలకు పెంచినప్పుడు, తీర మైదానంలోని 15 లక్షల ఎకరాలను మాత్రం ‘1002 ప్రాంతం’గా పక్కనపెట్టి, తవ్వాలా వద్దా అన్నది తర్వాత తేలుస్తామన్నారు. నలభై ఏళ్ల తగవుకు బీజం అదే.

1988 జూన్‌లో రెండు దేశాల గ్విచిన్‌లు ఆర్కిటిక్ విలేజ్‌లో కలిశారు. జింకలు ఈనే చోట తవ్వకం వద్దని పెద్దలు ఒక్కమాటగా తీర్మానించి, స్టీరింగ్ కమిటీని నిలబెట్టారు. ఊరి ఆడపడుచు సారా జేమ్స్ ఆ మాటను ప్రపంచమంతా తిప్పి, 2002లో పర్యావరణ పోరాటాలకిచ్చే గోల్డ్‌మన్ పురస్కారం అందుకున్నారు. తీరంలోని కాక్టోవిక్ ఊళ్లో ఉండే ఇనుపియాట్ ఆదివాసుల్లో చాలామందిది వేరే మాట: చమురు వస్తే బడి, వైద్యం, ఉద్యోగం వస్తాయని. వాళ్ల అవసరమూ నిజమే.

1989లో ఎక్సాన్ వాల్డెజ్ ఓడ చమురు సముద్రంపాలు కావడంతో తవ్వకం బిల్లు ఆగింది. 1995లో తవ్వకానికి దారి తీసే బిల్లును అధ్యక్షుడు క్లింటన్ వీటో చేశారు. 1998లో సొంత నేలపైనే ఎదురుదెబ్బ తగిలింది. పట్టా భూమి ‘ఇండియన్ కంట్రీ’ (తెగల పాలన చెల్లే ఆదివాసీ నేల) కిందికి రాదని, అక్కడ కాంట్రాక్టరుపై పన్ను వేసే అధికారం తెగకు లేదని సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా తేల్చింది.

2017 పన్ను చట్టం మైదానం తలుపులు తీసింది. 2021 జనవరి వేలంలో పెద్ద చమురు కంపెనీలు ముందుకు రాలేదు. ఎక్కువ లీజులు రాష్ట్ర ప్రభుత్వ సంస్థే పాడుకుంది. ఆ లీజులను బైడెన్ ప్రభుత్వం 2023లో రద్దు చేసింది. 2025 జనవరిలో జరిగిన రెండో వేలానికి ఒక్క బిడ్డూ రాలేదు. అదే ఏడాది జులైలో వచ్చిన కొత్త చట్టం మాత్రం పదేళ్లలో కనీసం నాలుగు వేలాలు జరిపి తీరాలంది. అక్టోబరులో మైదానం మొత్తాన్నీ మళ్లీ లీజులకు తెరిచారు.