చివరి లైను చదివేదాకా మొదటిది తేలదు

ఒక ఫైల్లో 9, 10, 100, 25 అని లైనుకొకటి చొప్పున రాసి, లినక్స్ టెర్మినల్‌లో దాని మీద సార్ట్ (లైన్లను వరస క్రమంలో సర్దే కమాండ్) నడపండి. 10, 100, 25, 9 అని వస్తుంది. సార్ట్ దృష్టిలో అవి సంఖ్యలు కావు, ఉత్త అక్షరాలు. ఎడమ నుంచి ఒక్కొక్కటే పోల్చుకుంటూ పోతుంది కాబట్టి 9తో మొదలైన లైను అడుక్కి చేరింది. సంఖ్యలుగా చూడాలంటే కమాండ్ పక్కన మైనస్ ఎన్ (-n) అని చెప్పాలి.

తెలుగు మాటలిస్తే సంగతి ఇంకా బాగుంటుంది. భాష సెట్టింగ్ 'సి' అని పెడితే సార్ట్ అక్షరాలను కంప్యూటర్ దాచుకునే బైట్ల విలువలనే చూస్తుంది. అక్షరాలకు సంఖ్యలు కేటాయించే యూనికోడ్‌లో ల పక్కనే ళ, ఆ తర్వాతే వ. అందుకని కలం, కళ, కవి అనే క్రమం వస్తుంది. మనం బడిలో దిద్దిన వర్ణమాలలో ళ వచ్చేది హ తర్వాత. ఆ ప్రకారం కవి ముందు, కళ వెనక ఉండాలి. తెలుగు పదసూచిక తయారుచేసేవాళ్లు ఈ తేడా తప్పకుండా చూసుకోవాలి. గుణింతాల దగ్గర మాత్రం పేచీ లేదు: 'క్ర' లాంటి ఒత్తక్షరంలో దాగి ఉండే పొల్లు గుర్తు యూనికోడ్‌లో ఔత్వం తర్వాత ఉంది కనుక 'కౌలు' తర్వాతే 'క్రమం' వస్తుంది.

ఫైలు మెమరీలో పట్టనంత పెద్దదైతే? నాకు బాగా నచ్చేది ఇక్కడే. సార్ట్ దాన్ని మెమరీకి సరిపడే ముక్కలుగా చదివి, ఒక్కో ముక్కను సర్ది, డిస్కు మీద తాత్కాలిక ఫైల్లో పెడుతుంది. తర్వాత ఆ ముక్కల మొదటి లైన్లను పోల్చి, అన్నిటికన్నా ముందు రావాల్సినదాన్ని బయటికి పంపుతుంది. అది ఏ ముక్కలోంచి పోయిందో అందులోని తర్వాతి లైను పోటీకి వస్తుంది. లినక్స్‌లో ఎక్కువగా ఉండే జీఎన్‌యూ సార్ట్ మామూలుగా ఒక్క విడతలో 16 ముక్కల దాకా కలుపుతుంది. దీనికి మూలమైన మెర్జ్ సార్ట్ (సర్దిన ముక్కలను కలుపుతూ పోయే పద్ధతి)ను గణిత శాస్త్రవేత్త జాన్ వాన్ నాయ్‌మన్ 1945లో రూపొందించాడు.

ఎంత వేగంగా చేసినా, మొత్తం చదవకుండా సార్ట్ ఒక్క లైను కూడా బయటపెట్టలేదు. అన్నిటికన్నా ముందు రావాల్సింది ఫైలు చివర్లో ఉండొచ్చు కదా! ఫలితాన్ని అదే ఫైల్లోకి బాణం గుర్తు (>)తో మళ్లిస్తే మాత్రం కొంప మునుగుతుంది: సార్ట్ మొదలవకముందే షెల్ (మన కమాండ్లను అందుకుని నడిపే ప్రోగ్రాం) ఆ ఫైలును ఖాళీ చేసేస్తుంది. బాణం బదులు మైనస్ ఓ (-o) వాడండి. అప్పుడు సార్ట్ అంతా చదివాకే ఆ ఫైలును రాయడానికి తెరుస్తుంది.