ముద్దుపళని కావ్యానికి కత్తెర వేసిందెవరు?

తెలుగులో శృంగార కావ్యాలకు కొరతేం లేదు. శ్రీనాథుడి నైషధాన్ని పండితులు తరతరాలుగా పాఠం చెబుతూనే ఉన్నారు. అలాంటిది 18వ శతాబ్దంలో తంజావూరు మరాఠా రాజు ప్రతాపసింహుడి కొలువులో ముద్దుపళని అనే దేవదాసీ కవయిత్రి రాసిన ‘రాధికాసాంత్వనం’ ఒక్కటి మాత్రం పోలీసుల దాకా ఎందుకు వెళ్లినట్టు?

కథ చిన్నదే. తాను పెంచిన ఇళను రాధే కృష్ణుడికిచ్చి పెళ్లి చేస్తుంది. ఆ తర్వాత తట్టుకోలేక అలుగుతుంది. కృష్ణుడొచ్చి బతిమాలుకోవాలి. సరసంలో చొరవ ఆడదానిదే. అది ఎంతమందికి కొరుకుడు పడలేదో తర్వాతి చరిత్ర చెబుతుంది.

1887లో పైడిపాటి వెంకటనరసు ఈ కావ్యాన్ని అచ్చు వేయించారు. కొన్ని పద్యాలు తీసేశారు సరే, అవతారికనూ, అంటే కవయిత్రి తన గురించి చెప్పుకున్న తొలి భాగాన్నీ వదిలేశారు. అందులో శృంగారం లేదు. ముద్దుపళని తన నానమ్మ తరం నుంచి ఆడవాళ్ల వంశం చెప్పుకుంది. పండితులను సత్కరించిన దాన్నని, నాకు కావ్యాలు అంకితమిచ్చారని, నాలాంటి స్త్రీ ఇంకెవరున్నారని గొప్పగా అడిగింది. బూతు అనే కారణం ఈ కోతకు ఎలా సరిపోతుందో నాకైతే అర్థం కాదు.

బెంగళూరు నాగరత్నమ్మ గారు పేరున్న గాయని, దేవదాసీ కుటుంబంలో పుట్టినవారు. రాతప్రతి సంపాదించి, కత్తిరించినవన్నీ మళ్లీ చేర్చి, 1910లో వావిళ్ల వారి ద్వారా పుస్తకం తెచ్చారు. రసం తొణికే ఈ కావ్యాన్ని ఒక స్త్రీ, అందులోనూ తమ కులంలో పుట్టిన స్త్రీ రాసిందని పీఠికలో సంబరంగా చెప్పుకున్నారు.

అప్పటికే కందుకూరి వీరేశలింగం తన కవుల చరిత్రలో ముద్దుపళనిని ఏకిపారేశారు. ఆడవాళ్ల నోట రావడం అటుంచి, వాళ్ల చెవిన కూడా పడకూడని మాటలు ఇందులో ఉన్నాయన్నది ఆయన అభ్యంతరం. 1881లో రాజమండ్రిలో వితంతు వివాహం జరిపించిన సంస్కర్త ఆయనే! నాగరత్నమ్మ గారు ఊరుకోలేదు. సిగ్గు ఆడవాళ్లకేనా, మగవాళ్లకు వద్దా అని నిలదీశారు. ఇంతకంటే పచ్చి వర్ణనలున్న ‘వైజయంతీ విలాసం’ పంతులుగారి చేతుల మీదుగానే అచ్చయింది కదా అని ఎత్తిచూపారు.

పత్రికలు దాడికి దిగాయి. ఒక వేశ్య రాస్తే ఇంకో వేశ్య అచ్చేసిందని ‘శశిలేఖ’ వెక్కిరించింది. ఆ గొడవ సర్కారు దాకా పోయింది. తెల్లదొరల ప్రభుత్వం అశ్లీలమని తేల్చి, 1911లో ప్రతులను పట్టుకుంది. పండితులు కొందరు అర్జీలు పెట్టినా ఫలితం లేకపోయింది. చట్టం ఇంగ్లీషు వాళ్లదే కావచ్చు, కానీ నేరమేమిటో చూపించింది మాత్రం మనవాళ్లే.

నిషేధం ఎత్తేయడానికి టంగుటూరి ప్రకాశం మద్రాసు ప్రధాని (ఇప్పటి లెక్కలో ముఖ్యమంత్రి) కావలసి వచ్చింది. తెలుగు సాహిత్య హారంలో ముత్యాలను తిరిగి చేరుస్తున్నానని ఆయన అన్నారట. అది 1947. దేవదాసీ సమర్పణను నిషేధిస్తూ మద్రాసులో చట్టం వచ్చిందీ ఆ ఏడే. సంస్కర్తలు ఆ చట్టం కోసం 1920ల చివర్లో గొంతెత్తినప్పుడు, తమ బతుకుల గురించి తమను అడగకుండా తీర్పు చెప్పేస్తారా అని అభ్యంతరం చెప్పిన దేవదాసీల్లో నాగరత్నమ్మ గారు ముందున్నారు.