కేబుల్ తీయించేసే దాకా ఎలా వచ్చింది: గంపగుత్త బేరం వెనక కథ

మా ఇంట్లో కేబుల్ తీయించేసిన రోజు సెట్ టాప్ బాక్స్ ఎత్తి చూస్తే టీవీ స్టాండ్ మీద దుమ్ము పట్టని చోటు ఒకటి కనిపించింది, చుట్టూ ఏళ్ళ దుమ్ము, మధ్యలో సరిగ్గా బాక్స్ సైజులో నున్నగా ఒక చదరం. అన్నేళ్ళూ మేం చూసింది నాలుగైదు ఛానెళ్ళు, డబ్బులు కట్టింది మాత్రం వందల ఛానెళ్ళకి. ఈ గంపగుత్త లెక్క ఎక్కడ మొదలైందా అని వెనక్కి చదువుకుంటూ పోతే అమెరికాలో కొండల మధ్య ఊళ్ళ దాకా వెళ్ళాను, 1948కి.

పెన్సిల్వేనియాలో మహనాయ్ సిటీ అని చిన్న ఊరు, అక్కడ జాన్ వాల్సన్ అనే ఆయనకి ఎలక్ట్రిక్ సామాన్ల షాపు ఉండేది. టీవీలు తెచ్చి పెట్టాడు కానీ కొనేవాళ్ళు లేరు, ఎందుకంటే ఫిలడెల్ఫియా నుంచి వచ్చే సిగ్నల్‌కి కొండ అడ్డం, టీవీ పెడితే బొమ్మ రాదు. ఆయన కొండ మీద యాంటెనా పాతి అక్కడి నుంచి షాపు దాకా తీగ లాక్కొచ్చాడు, దారిలో ఇళ్ళవాళ్ళు మాకూ ఇవ్వమంటే వాళ్ళకీ ఇచ్చాడు. దాదాపు అదే టైమ్‌లో ఒరెగాన్ రాష్ట్రం ఆస్టోరియాలో ఎడ్ పార్సన్స్ కూడా ఇలాంటి పనే చేసాడు, ఎవరు ముందు అన్న వాదన ఇప్పటికీ ఉంది. నాకు ముఖ్యం అనిపించింది అది కాదు, కేబుల్ పుట్టింది జనానికి నిజంగా పనికొచ్చే వస్తువుగా. గాల్లో ఫ్రీగా వచ్చే ఛానెళ్ళు అందని ఊళ్ళకి అవి అందించడం, అంతే దాని పని.

తర్వాత శాటిలైట్ వచ్చింది. సినిమాలు చూపించే హెచ్‌బీవో ఛానెల్ 1972లో పెన్సిల్వేనియాలోనే విల్క్స్-బార్‌లో కొన్ని వందల ఇళ్ళతో మొదలైంది, 1975లో మనీలాలో జరిగిన అలీ, ఫ్రేజియర్ బాక్సింగ్ పోటీని శాటిలైట్ ద్వారా చూపించి దేశమంతా వెళ్ళే దారి కనిపెట్టింది. మరుసటి ఏడాది టెడ్ టర్నర్ తన అట్లాంటా టీవీ స్టేషన్‌ని శాటిలైట్ ఎక్కించాడు. ఇంక ఆగలేదు, 1979లో ఆటల ఛానెల్ ఈఎస్‌పీఎన్, 1980లో వార్తలకి సీఎన్ఎన్, 1981లో పాటలకి ఎంటీవీ. గాల్లో దొరకనివి, తీగలో మాత్రమే వచ్చేవి ఇన్ని ఉన్నాక కొండలు లేని ఊళ్ళవాళ్ళు కూడా కేబుల్ పెట్టించుకున్నారు.

అసలు మెలిక ఇక్కడుంది. ఈ ఛానెళ్ళలో చాలావాటికి ఆదాయం రెండు వైపుల నుంచి వస్తుంది, ఒకటి యాడ్స్, రెండోది ప్రతి కనెక్షన్ మీద కేబుల్ కంపెనీ నెలనెలా ఇచ్చే ఫీజు. ఆ ఇంట్లో ఛానెల్ చూసారా లేదా అన్నది ఎవరికీ అక్కర్లేదు, కనెక్షన్ ఉంటే చాలు ఫీజు పడుతుంది. ఈఎస్‌పీఎన్‌కి 2010ల మధ్య నాటికి ఒక్కో ఇంటి మీద నెలకి 6 డాలర్లకి పైనే వెళ్ళేది, ఆటలంటే ఏమాత్రం ఆసక్తి లేని ముసలావిడ బిల్లులో కూడా అది ఉండేది, ఆవిడకి మాత్రం కనిపించేది కాదు ఎందుకంటే బిల్లు మీద ప్యాక్ పేరు తప్ప ఛానెల్ వారీ లెక్క వేయరు. ఒక మాట ఒప్పుకోవాలి, ఈ గంపగుత్త వల్లే కొద్దిమంది మాత్రమే చూసే చిన్న ఛానెళ్ళు కూడా బతికాయి, విడివిడిగా అమ్మితే సగం మూతపడేవి. కానీ ఎవరి బేరం ఎవరు ఆడుతున్నారో డబ్బు కట్టేవాడికి తెలీకపోవడం అన్యాయమే అని నా అభిప్రాయం.

బిల్లులు పెరుగుతున్నాయని జనం గోల పెడితే 1992లో అమెరికన్ కాంగ్రెస్ ఒక చట్టం తెచ్చింది, ప్రెసిడెంట్ బుష్ వీటో చేస్తే దాన్ని కూడా దాటి పాస్ చేసారు, అంత పట్టుదల. రేట్లు తగ్గించడం దాని ఉద్దేశం. అందులోనే ఇంకో నిబంధన పెట్టారు, లోకల్ స్టేషన్లని కేబుల్‌లో వేయాలంటే వాళ్ళ అనుమతి కావాలి అని. కేబుల్ కంపెనీలు డబ్బులివ్వం అన్నాయి, సరే డబ్బులొద్దు, మా కొత్త ఛానెల్ కూడా వేయండి అన్నారు స్టేషన్ల ఓనర్లు. 1994లో ఫాక్స్ వాళ్ళ ఎఫ్ఎక్స్ ఛానెల్ అలా వచ్చిందే. బిల్లు తగ్గించడానికి తెచ్చిన చట్టం ప్యాక్‌ని ఇంకా లావు చేసింది.

ఇంటర్నెట్ ఇదంతా ఎందుకు కదిలించగలిగింది అంటే వీడియో వచ్చే పద్ధతే వేరు. పాత కేబుల్‌లో ఛానెళ్ళన్నీ ఒకేసారి తీగలో మీ ఇంటి దాకా వస్తూనే ఉంటాయి, మీరు రిమోట్ నొక్కితే బాక్స్ అందులోంచి ఒకటి ఏరుకుంటుంది. ఇంటర్నెట్‌లో మీరు అడిగిందే వస్తుంది, అదీ కొన్ని సెకన్ల ముక్కలుగా, నెట్ స్లో అయితే తర్వాతి ముక్క తక్కువ క్వాలిటీలో తెప్పించుకుంటుంది, బొమ్మ కాసేపు మసకబారి మళ్ళీ తేటపడేది అందుకే. అడిగిందే వస్తుంది కాబట్టి అడిగినదానికే డబ్బులు అనే ఆలోచన సహజంగా వచ్చేసింది.

నెట్‌ఫ్లిక్స్ అప్పటిదాకా డీవీడీలు పోస్ట్‌లో పంపేది, 2007లో స్ట్రీమింగ్, అంటే నెట్‌లోనే నేరుగా చూపించడం, మొదలుపెట్టింది. 2008లో నెట్ వీడియోలని టీవీలో చూపించే రోకు బాక్స్, అదే ఏడాది టీవీ షోలు నెట్‌లో చూపించే హులు. అప్పట్లో ఛానెళ్ళ వాళ్ళు పాత షోలు నెట్‌ఫ్లిక్స్‌కి సంతోషంగా అమ్ముకున్నారు, అనుకోని ఆదాయం కదా అని. 2010 చివర్లో హెచ్‌బీవో ఓనర్లయిన టైమ్ వార్నర్ కంపెనీ అధిపతి జెఫ్ బ్యూక్స్ అయితే నెట్‌ఫ్లిక్స్‌ని అల్బేనియా సైన్యంతో పోల్చాడు, అది ప్రపంచాన్ని జయిస్తుందా ఏంటి అన్నట్టు. 2013లో నెట్‌ఫ్లిక్స్ తన సొంత సిరీస్ హౌస్ ఆఫ్ కార్డ్స్ 13 ఎపిసోడ్లూ ఒకేరోజు వదిలాక ఆ పోలిక ఇంకెవరూ తేలేదు.

ఈ మధ్యలో జరిగిన ఏరియో కేసు గురించి ఎక్కువమంది మాట్లాడరు కానీ నాకు మొత్తం కథలో మనసుకి పట్టింది అదే. 2012లో న్యూయార్క్‌లో మొదలైన కంపెనీ, గోరంత యాంటెనాలు వేల సంఖ్యలో ఒకచోట పెట్టి, ఒక్కో యాంటెనా ఒక్కో కస్టమర్‌కి కేటాయించి, గాల్లో ఫ్రీగా వచ్చే ఛానెళ్ళని పట్టి ఇంటర్నెట్‌లో పంపేది. వాల్సన్ కొండ మీద చేసిందీ ఇదే కదా, తీగ బదులు నెట్ అంతే. 1968లో ఇలాంటి యాంటెనా కేసులోనే అమెరికా సుప్రీంకోర్టు కేబుల్ వాళ్ళది కాపీరైట్ తప్పు కాదని తీర్పిచ్చింది, తర్వాత 1976లో చట్టం మార్చారు. ఆ మారిన చట్టం ప్రకారం 2014 జూన్‌లో అదే కోర్టు 6-3 తేడాతో ఏరియో కూడా కేబుల్ కంపెనీ లాంటిదే, అనుమతి లేకుండా చూపించకూడదు అంది. ఆ ఏడాది చివరికి ఏరియో దివాలా. ఒకప్పుడు యాంటెనాతోనే పైకొచ్చిన పరిశ్రమ ఉన్న దేశంలో ఆ దారి మూసేయడం నాకు బాధగానే ఉంటుంది.

ఆ తర్వాత అంతా తొందరగా జరిగిపోయింది. 2015లో హెచ్‌బీవో కేబుల్ లేకుండానే నేరుగా నెట్‌లో అమ్మడం మొదలుపెట్టింది, అదే ఏడాది ఆగస్టులో ఈఎస్‌పీఎన్‌కి చందాదారులు తగ్గుతున్నారని దాని ఓనర్ డిస్నీ ఒప్పుకునేసరికి మీడియా కంపెనీల షేర్లు వరసగా పడ్డాయి. 2019లో డిస్నీ సొంత యాప్ డిస్నీ ప్లస్ వచ్చింది. నెట్‌ఫ్లిక్స్‌కి అమ్మిన షోలు ఛానెళ్ళ వాళ్ళు ఎవరికివాళ్ళు వెనక్కి తీసుకుని సొంత యాప్ పెట్టుకున్నారు. 2022 జులైలో, ఎవరేం చూస్తున్నారో లెక్కేసే నీల్సన్ సంస్థ లెక్కల్లో అమెరికాలో స్ట్రీమింగ్ మొదటిసారి కేబుల్‌ని దాటింది, జనం టీవీ చూసే టైమ్‌లో దాని వాటా 34.8 శాతం, కేబుల్‌ది 34.4. అదే ఏడాది నెట్‌ఫ్లిక్స్ యాడ్స్ ఉన్న ప్లాన్ తెచ్చింది, మరుసటి ఏడాది పాస్‌వర్డ్ పంచుకోవడం ఆపించింది. 2023 ఆగస్టు చివర్లో చార్టర్ అనే కేబుల్ కంపెనీకీ డిస్నీకీ గొడవై ఈఎస్‌పీఎన్ కొన్నిరోజులు ఆగిపోయింది, చివరికి రాజీ ఏంటంటే కేబుల్ ప్యాక్‌లోనే యాడ్స్ ఉన్న డిస్నీ ప్లస్ కలిపి ఇవ్వడం. గంపలో యాప్ కూడా చేరింది.

మా ఇంటికి బాక్స్ తీసుకెళ్ళడానికి వచ్చిన అబ్బాయి రిమోట్, అడాప్టర్ లెక్కచూసుకుని సంచీలో వేసుకున్నాడు, గోడలోంచి వచ్చే తీగ మాత్రం ముట్టుకోలేదు. ఇది తీయవా అంటే, అది తీస్తే మీకు నెట్ రాదండీ అన్నాడు. ఇప్పుడు అది రౌటర్‌కి ఉంది, బిల్లు అదే కంపెనీ నుంచి వస్తోంది.