మోకాళ్ళ మీద కూర్చునే పడవ

మైలాపూర్, చెన్నై

చి. బుజ్జికి, చి. చిన్నికి అమ్మమ్మ ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. బుజ్జీ, వేసవి సెలవుల్లో ముట్టుకాడు నుంచి తిరిగొస్తూ బస్సులో ఒక మాట అడిగావు. "కర్రసాము ఒలింపిక్స్‌లో లేదు కదా అమ్మమ్మా, నేర్చుకుని ఏం లాభం?" అని. ఆ రోజు నాకు జవాబు తోచలేదు. ఇప్పుడు ఆస్ట్రేలియా పడవ పోటీల క్రీడాకారిణి జెస్సికా ఫాక్స్ గురించి రాస్తున్నాను, చెల్లికి కూడా చదివి వినిపించు.

ఆమె ఆట కనూ స్లాలమ్. మీరు ముట్టుకాడులో తెడ్డు వేసింది నిలకడ నీళ్ళలో. ఇది ఉరికే నీళ్ళలో ఆడతారు. నీటి మీద జంటలు జంటలుగా కర్రలు వేలాడుతుంటాయి, వాటినే గేట్లంటారు. ఆకుపచ్చ గేట్లలోంచి ప్రవాహం వెంట దిగాలి. ఎర్ర గేటు దగ్గర పడవ తిప్పి ఏటికి ఎదురెక్కాలి. తెడ్డో, పడవో, భుజమో కర్రకు తగిలితే టైముకు 2 సెకన్లు కలుపుతారు. గేటే తప్పిపోతే 50 సెకన్లు!

పడవలు రెండు రకాలు. కయాక్‌లో కాళ్ళు చాపి కూర్చుంటారు, తెడ్డుకు రెండు చివరలా రెక్కలుంటాయి. కనూలో మోకాళ్ళ మీద కూర్చోవాలి, తెడ్డుకు ఒక్కటే రెక్క. మనం చెప్పుకోవాల్సింది ఈ రెండో పడవ గురించే.

జెస్సికా నాన్న రిచర్డ్ ఫాక్స్ కయాక్‌లో 5 సార్లు ప్రపంచ ఛాంపియన్. కానీ 1972 తర్వాత మళ్ళీ 1992 దాకా ఒలింపిక్స్‌లో ఈ ఆటే లేదు. ఆయన మంచి వయసంతా ఆ మధ్యలోనే గడిచిపోయింది. చివరికి 1992లో బార్సిలోనాలో నాలుగో స్థానం వచ్చింది. ఇది తలుచుకుంటే నాకు బాధగా ఉంటుంది. అమ్మ మిరియం 1996లో కాంస్యం గెలిచింది.

జెస్సికా 1994లో ఫ్రాన్స్‌లో పుట్టి, నాలుగేళ్ళప్పుడు ఆస్ట్రేలియా వెళ్ళింది. 2012లో లండన్‌లో రజతం, 2016లో రియోలో కాంస్యం, రెండూ కయాక్‌లోనే. అప్పటికి ఆడవాళ్ళ కనూ పోటీ ఒలింపిక్స్‌లో లేనే లేదు. అయినా ఆమె దాన్ని వదల్లేదు. 2013లోనూ 2014లోనూ కనూలో ప్రపంచ ఛాంపియన్ అయింది.

2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో ఆ పోటీని మొదటిసారి చేర్చారు. ముందు కయాక్ ఫైనల్. రెండు గేట్లు తగిలి 4 సెకన్లు పడ్డాయి, కాంస్యంతో సరిపెట్టుకుంది. ఎంత టెన్షన్ పడి ఉంటుందో! రెండు రోజులకే మోకాళ్ళ మీద కూర్చుని కనూలో బంగారు పతకం గెలిచింది. 2024లో పారిస్‌లో రెండు పడవల్లోనూ ఆమెకే బంగారం. చిన్నీ, ఆమె చెల్లెలు నోయెమీ కూడా అక్కడే గెలిచింది తెలుసా? కయాక్ క్రాస్‌లో, అంటే కొందరు ఒకేసారి కయాక్‌లలో పోటీపడే పందెంలో. ఆ పోటీ ఒలింపిక్స్‌కు రావడం అదే మొదలు.

కర్రసాము ఎప్పుడైనా ఒలింపిక్స్‌కు వస్తుందని నేను మాటివ్వలేను బుజ్జీ. దసరాకి వచ్చేటప్పుడు మాత్రం నీ కర్ర తెచ్చుకో. మేడ మీద బట్టల తాడుకు రెండు కర్రలు వేలాడదీసి ఉంచుతాను. తగలకుండా ఎలా తిప్పుతావో చూడాలని ఉంది. సెకన్లు చిన్ని లెక్కపెడుతుంది.

మీ
అమ్మమ్మ