పదిసార్లు తిరగాల్సిన లూప్ పదకొండోసారి ఎందుకు తిరిగింది?

బెంగళూరు మారతహళ్లి పీజీల్లో సాయంత్రమైతే ఎటు విన్నా తెలుగే. మా పక్క గది కుర్రాడు రూబీ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుంటున్నాడు. ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే లూప్ ఒకటి రాశాడు. "అన్నా, సున్నా దగ్గర మొదలుపెట్టి 0.1 చొప్పున కలుపుతూ, 1 కంటే తక్కువ ఉన్నంతసేపు తిరగమన్నాను. పదిసార్లకే ఆగాలి కదా, పదకొండుసార్లు తిరిగింది!" అంటూ ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చాడు. వాడి టెన్షన్‌లో న్యాయం ఉంది. చిక్కంతా ఆ 0.1లోనే ఉంది.

కంప్యూటర్ భిన్నాలను సగం, పావు, అరపావు ఇలా రెండుతో భాగించుకుంటూ వచ్చే ముక్కలతోనే కూర్చుకోవాలి. మనం మూడో వంతును 0.333... అని రాస్తూ పోతే ఎక్కడా తెగదు. 0, 1 అంకెలతోనే రాసే బైనరీలో పదో వంతు గతీ అంతే, 0011 అనే వరుస మళ్లీ మళ్లీ వస్తూనే ఉంటుంది. కంప్యూటర్లు ఇలాంటి సంఖ్యలను ఎలా దాచాలో చెప్పే, 1985లో వచ్చిన ఐఈఈఈ 754 ప్రమాణం ప్రకారం, 64 బిట్ల (అంటే 64 బైనరీ అంకెల) దశాంశ సంఖ్యలో విలువైన అంకెలకు దక్కేది 53 బిట్లే. అక్కడితో కోసేసి సవరిస్తే మిగిలేది దాదాపు 0.1000000000000000055. అంటే అసలు పదో వంతు కంటే ఓ పిసరు ఎక్కువ.

ఇక్కడే నాకు బాగా నచ్చే విషయం ఒకటుంది. పిసరు ఎక్కువున్న దాన్ని పదిసార్లు కలిపితే 1 దాటాలి కదా? దాటదు! ప్రతి కూడిక తర్వాతా జవాబును మళ్లీ 53 బిట్లకు సవరించాలి. ఆ సవరణ ఒకసారి పైకి, ఒకసారి కిందికి లాగుతుంది. మూడో కూడికకు 0.30000000000000004 వస్తుంది, ఎనిమిదో కూడికకు 0.7999999999999999కి జారుతుంది. పదో కూడికకు 0.9999999999999999. అది 1 కంటే తక్కువే కాబట్టి లూప్ ఇంకోసారి తిరిగింది. ఒకవేళ "సరిగ్గా 1 అయ్యేదాకా తిరుగు" అని రాసుంటే అసలు ఆగేదే కాదు.

యుకిహిరో మత్సుమోతో మొదలుపెట్టిన రూబీ భాషలో స్టెప్ అనే పద్ధతి దీన్ని ఎంతో శ్రద్ధగా చూసుకుంటుంది. దశాంశాలు ఇస్తే అది కలుపుకుంటూ పోదు. ఎన్నిసార్లు తిరగాలో ముందే తేల్చుకుంటుంది, సవరణ తేడాలకు కాస్త చోటు కూడా వదులుతుంది. తర్వాత ప్రతిసారీ మొదటి విలువకు "ఎన్నో మెట్టు × 0.1" కలిపి తాజాగా లెక్కకడుతుంది. కాబట్టి పాత తప్పు కొత్త మెట్టు మీదికి పాకదు, చివర్లో నిఖార్సయిన 1.0 వస్తుంది. ఆ 1.0 వద్దనుకుంటే, ఎక్కణ్నుంచి ఎక్కడిదాకా అని చెప్పే రేంజ్‌లో రెండు సంఖ్యల మధ్య రెండు చుక్కల బదులు మూడు పెట్టాలి.

స్టెప్ వాడినా మూడో మెట్టు దగ్గర 0.30000000000000004 కనబడుతుంది, ఎందుకంటే 0.1ని మూడుతో గుణించినా వచ్చేది అదే. పట్టిక అచ్చు వేయాలంటే నేనైతే 0 నుంచి 10 దాకా పూర్ణ సంఖ్యలతో లూప్ తిప్పి, ప్రతిదాన్నీ 10.0తో భాగిస్తాను. భాగహారంలో సవరణ ఒక్కసారే జరుగుతుంది, 0.3 శుభ్రంగా 0.3గానే వస్తుంది. 0.25 చొప్పున నడిచే లూప్‌కు ఈ జాగ్రత్తలేవీ అక్కర్లేదు, పావు బైనరీలో చక్కగా ఇముడుతుంది.

డబ్బు లెక్కల్లో మాత్రం దశాంశాల జోలికే పోవద్దని ఆ కుర్రాడికి గట్టిగా చెప్పాను. రూబీలో 1/10 రాసి పక్కన ఆర్ అక్షరం చేరిస్తే అది లవం, హారం విడివిడిగా దాచుకునే భిన్నమవుతుంది. వేగం కొంత తగ్గుతుంది. కానీ పదిసార్లు కలిపితే కచ్చితంగా 1 వస్తుంది, వాడి లూప్ పదిసార్లకే ఆగుతుంది.